నరికిన అడవి, నరకని అడవి, రెండింట్లోనూ జన్యు వైవిధ్యం ఒకేలా వస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నా?

మొలకెత్తని_గింజ:

నమస్తే అండి అందరికీ. బోటనీ పీజీ చేస్తున్నా, వచ్చే వారం సెమినార్. టాపిక్ ఏంటంటే అడవుల్లో దానంతట అదే పెరిగే అక్రోటు చెట్లలో, అదే వాల్‌నట్‌లో, జన్యు వైవిధ్యం. ప్రాక్టీసు కోసమని మాకు ఒక డేటా ఫైల్ ఇచ్చారు. అందులో రెండు అడవులు, ఒకటి నలభై ఏళ్లుగా అడ్డూ అదుపూ లేకుండా నరికింది, రెండోది ఎవరూ ముట్టుకోనిది. ఒక్కో అడవి నుంచి ముప్పై చెట్ల ఆకులు తెచ్చి మైక్రోసాటిలైట్ మార్కర్లతో, అంటే చెట్టుకీ చెట్టుకీ తేడా చూపే డీఎన్‌ఏ ముక్కలతో, చూశారట. నేను రాత్రంతా కూర్చుని హెటెరోజైగోసిటీ, అంటే ఒక జన్యువుకి తల్లి కాపీ, తండ్రి కాపీ వేర్వేరుగా ఉన్న చెట్ల వంతు, లెక్క కడితే రెండింటికీ దాదాపు ఒకటే నంబరు, రెండో దశాంశంలో కాస్త తేడా అంతే. సరే అని స్లైడ్ మీద "నరకడం వల్ల జన్యుపరంగా నష్టం జరగలేదు" అని పెద్ద అక్షరాలతో కొట్టేశా. మా గైడ్ గారు అది చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఈ స్లైడ్ పెట్టావంటే చెట్ల సంగతేమో గానీ నిన్ను మాత్రం అక్కడే నరుకుతారు" అనేసి వెళ్లిపోయారు. ఎందుకో చెప్పరు, ఆలోచించు అంటారు.

ఆలోచించా, తేలట్లేదు. ఇంకో రెండు డౌట్లు కూడా ఉన్నాయి, పనిలో పనిగా అడిగేస్తా. రెండు అడవుల్లోనూ ఇన్‌బ్రీడింగ్ నంబరు, అదే దగ్గరి చుట్టరికంలో కలయిక ఎంతో చెప్పే అంకె, సున్నా కంటే పైనే వస్తోంది, అంటే ఈ చెట్లు సొంత పుప్పొడితోనే కాయలు కాస్తున్నట్టా? అలాగే ఇలాంటి చెట్లలో మొత్తం వైవిధ్యంలో సుమారు 90 శాతం ఒక్కో పాపులేషన్, అంటే ఒక్కో చోటి చెట్ల గుంపు, లోపలే ఉంటుంది, పాపులేషన్ల మధ్య తేడా తక్కువే అని చదివా, అలాంటప్పుడు పది అడవులు కాపాడటం ఎందుకు, బాగున్నది ఒకటి చూసుకుని కాపాడితే సరిపోదా? తిట్టినా పర్లేదు, అర్థమయ్యేలా చెప్పండి చాలు.

లెక్కల_చెట్టు:

తమ్ముడూ, నీ లెక్కలో తప్పేం లేదు. నువ్వు ఎంచుకున్న కొలత ఈ ప్రశ్నకి పనికొచ్చేది కాదు, గొడవంతా అక్కడే ఉంది. హెటెరోజైగోసిటీ చాలా మొద్దు కొలత, దెబ్బ తగిలినా చాలాకాలం ఉలకదు పలకదు.

నేను చెప్పడం కంటే లెక్క వేసి చూపిస్తే నీకే తెలుస్తుంది. ఒక అడవిలో చాలా చెట్లు ఉన్నాయనుకో, నరికి నరికి చివరికి పది మిగిల్చారు. పది చెట్లంటే ఒక్కో జన్యువుకి ఇరవై కాపీలు. ఇలా పదికి కుదించినప్పుడు తగ్గే హెటెరోజైగోసిటీ సగటున ఎంతంటే రెండింతల పదిలో ఒక వంతు, అంటే ఇరవైలో ఒకటి, 5 శాతం. మిగతా 95 శాతం అలాగే ఉంటుంది. అడవి మొత్తం పోయింది, నీ గ్రాఫ్‌లో మాత్రం గీత కొంచెం కిందికి దిగింది అంతే, అది కూడా నీ శాంపిల్ ఎర్రర్‌లో కలిసిపోతుంది.

ఇప్పుడు అదే అడవిలో ఒక అరుదైన అల్లీల్, అంటే ఒక జన్యువుకి ఉండే రకాల్లో ఒకటి, తీసుకో, వందకి రెండు కాపీలే ఉన్నది. మిగిలిన ఇరవై కాపీల్లో అది ఒక్కసారి కూడా లేకుండా పోయే అవకాశం ఎంత? 0.98ని ఇరవై సార్లు గుణించు, 0.67 వస్తుంది. అంటే మూడింట రెండు వంతులు అది పోయినట్టే, పోతే మళ్లీ రాదు. అదే నరుకుడు, అవే పది చెట్లు, ఒక కొలతలో 5 శాతం నష్టం, ఇంకో కొలతలో అలాంటి అరుదైనవాటిలో మూడింట రెండు వంతులు ఖాళీ. అందుకే ముందు ఒక్కో మార్కర్‌కి ఎన్ని రకాల అల్లీల్స్ ఉన్నాయో లెక్కపెట్టు. రెండు అడవుల శాంపిల్ సంఖ్య సమానం కాకపోతే తక్కువ ఉన్నదాని స్థాయికి దించి పోల్చు, రేర్‌ఫాక్షన్ అంటారు, లేకపోతే ఎక్కువ ఆకులు తెచ్చిన అడవికే ఎక్కువ అల్లీల్స్ వచ్చి ఇంకో తప్పుడు స్లైడ్ తయారవుతుంది.

అసలు సంగతి ఇంకోటుంది, మీ గైడ్ గారు నీ నోటితో చెప్పించాలని చూస్తున్నది బహుశా ఇదే. ఆకులు ఏ వయసు చెట్ల నుంచి తెచ్చారు? అక్రోటు చెట్టు వంద, రెండొందల ఏళ్లు నిక్షేపంగా బతుకుతుంది. నరకడం మొదలై నలభై ఏళ్లే అయితే నీ శాంపిల్‌లో ఉన్న పెద్ద చెట్లన్నీ నరుకుడు మొదలవ్వకముందే పుట్టినవి. వాటి జన్యువులు చెప్పేది వాటి అమ్మానాన్నల కాలం నాటి అడవి గురించి. ఇప్పటి నష్టం వాటిలో కనపడమంటే ఎలా కనపడుతుంది? మొలకల్ని చూడాలి, పదేళ్ల లోపు మొక్కల్ని చూడాలి.

ఆకు_రసం:

పైన చెప్పినదంతా కరెక్టే. రెండో డౌట్ నాకొదిలేయండి, ఈ అక్రోటు ఆకులతో నేను పడ్డ పాట్లు అన్నీఇన్నీ కావు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఆకు నూరి ట్యూబులో వేస్తే పది నిమిషాల్లో టీ డికాషన్ రంగులోకి మారిపోయేది, ఆ గోధుమ రంగు డీఎన్‌ఏకి అంటుకుంటే పీసీఆర్, అదే డీఎన్‌ఏకి కాపీలు తీసే పని, ఇక జరగదు. ఆ రంగు తెచ్చే పాలీఫినాల్స్ అంత దండిగా ఉంటాయి ఈ జాతిలో. వాటిని పట్టేసుకునే పీవీపీ పొడి కలపాలని, ఆకు కోసిన వెంటనే సిలికా జెల్‌లో పెట్టి ఆరబెట్టాలని తెలిసేసరికి సగం శాంపిళ్లు పారబోశాం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే డీఎన్‌ఏ సరిగ్గా లేకపోతే రెండు అల్లీల్స్‌లో ఒకటి కనపడకుండా పోతుంది, హెటెరోజైగోట్ కాస్తా రెండు కాపీలూ ఒకటే అయిన హోమోజైగోట్‌లా కనిపిస్తుంది. డీఎన్‌ఏ బాగున్నా ప్రైమర్, అంటే పీసీఆర్ మొదలెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క, అతుక్కునే చోట మ్యుటేషన్ ఉంటే ఇదే జరుగుతుంది, దాన్ని నల్ అల్లీల్ అంటారు. రెండూ కలిసి నీ ఇన్‌బ్రీడింగ్ నంబర్ని పైకి తోసేస్తాయి. చెట్లు పాపం ఏ తప్పూ చేయలేదు, మనమే నింద వేస్తాం. తేల్చుకోవడం సులువే, మొత్తం కలిపిన నంబరు కాకుండా ఒక్కో మార్కర్‌కి విడివిడిగా చూడు. ఒకటి రెండు మార్కర్లలోనే బాగా పైన ఉండి మిగతావి సున్నా దగ్గర ఉంటే అది మార్కర్ జబ్బు, ఆ రెండూ తీసేయి. అన్నిటిలోనూ కాస్త కాస్త పైన ఉంటే అప్పుడు చెట్ల గురించి ఆలోచించు.

అప్పుడు కూడా వెంటనే ఇన్‌బ్రీడింగ్ అనేయకు. రెండు లోయల చెట్లని కలిపి ఒకే అడవి అని రాసుకున్నా ఇలాగే వస్తుంది. ఒక లోయలో అన్నీ ఏఏ, పక్క లోయలో అన్నీ బీబీ, సగం సగం ఆకులు తెచ్చావనుకో. కలిపి లెక్కేస్తే సగం చెట్లు ఏబీ ఉండాలని ఫార్ములా చెప్తుంది, నీ దగ్గర ఒక్కటీ ఉండదు. రెండు లోయల్లోనూ చెట్లు హాయిగా పరాయి పుప్పొడితోనే కాస్తున్నాయి, నీ నంబరు మాత్రం ఘోరంగా కనిపిస్తుంది. వాలుండ్ ఎఫెక్ట్ అంటారు దీన్ని.

ఇక సొంత పుప్పొడి సంగతి. అక్రోటులో మగపూత వేరు, ఆడపూత వేరు, రెండూ ఒకే చెట్టు మీద ఉంటాయి. మగపూత పచ్చటి తోకల్లా వేలాడుతుంది, ఆడపూత కొమ్మ చివర ఈక లాంటి రెండు నాలుకలతో చిన్న కుండలా ఉంటుంది. తమాషా ఏంటంటే ఒకే చెట్టు మీద ఈ రెండూ సాధారణంగా ఒకేసారి సిద్ధం కావు. కొన్ని చెట్లలో మగపూత ముందు, కొన్నిట్లో ఆడపూత ముందు, అడవిలో ఈ రెండు రకాలూ సుమారుగా సగం సగం ఉంటాయి. ఒకదాని పుప్పొడి రాలే టైముకి రెండో రకం చెట్టు ఆడపూత ఎదురుచూస్తుంటుంది. సొంత పుప్పొడి పడితే కాయ కట్టదని కాదు, కడుతుంది, కాకపోతే పూత కాలాలు కొంచెం కలిసినప్పుడే ఆ అవకాశం.

ఈ ఏర్పాటు వెనక ఏ జన్యువు ఉందో 2025లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆడపూత ముందు వచ్చే రకానిది డామినెంట్, అంటే ఒక్క కాపీ ఉన్నా చాలు, ఈ తేడా 3.7 కోట్ల ఏళ్ల కంటే పాతదని తేల్చారు. వాల్‌నట్ జాతులన్నిట్లో అదే నడుస్తోంది, పీకాన్, హికరీల వైపు మాత్రం ఇదే ఏర్పాటుకి వేరే చోట వేరే జన్యువులు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, జాతులు విడిపోయినా ఈ రెండు రకాల అల్లీల్స్ రెండూ అన్నిట్లో బతికే ఉన్నాయంటే ఆలోచించండి. ఒకరకం తగ్గితే దానికి పుప్పొడి గిరాకీ ఎక్కువ, అందుకే మళ్లీ పెరుగుతుంది, అలా సగం దగ్గర నిలబడిపోయింది. ఇప్పుడు నరికిన అడవికి రండి. మిగిలిన ఏడెనిమిది చెట్లలో ఖర్మకాలి అన్నీ మగపూత ముందు వచ్చేవే మిగిలాయనుకోండి, అన్నీ ఒకేసారి పుప్పొడి రాల్చేస్తాయి, ఆడపూత వచ్చేసరికి గాల్లో పుప్పొడి ఉండదు. కాయ తగ్గుతుంది, కట్టిన కాస్త కాయలో సొంత పుప్పొడివి ఎక్కువ అవుతాయి. ఇది మీ ఫైల్‌లో ఏ కాలమ్‌లోనూ ఉండదు.

మొలకెత్తని_గింజ:

లెక్కల_చెట్టు గారూ, తమ్ముణ్ని కాదండీ, చెల్లిని, హహ. 0.98 లెక్క నేనే కాలిక్యులేటర్‌లో కొట్టి చూశా, నిజంగానే 0.67. ఇన్నాళ్లూ హెటెరోజైగోసిటీ అంటేనే వైవిధ్యం అనుకుంటూ వచ్చా.

ఆకు_రసం గారూ, మీరు చెప్పినట్టే మార్కర్ల వారీగా చూశా, పన్నెండులో ఒక్కటే బాగా పైన ఉంది, అది తీసేస్తే మొత్తం నంబరు సున్నాకి దగ్గరగా వచ్చేసింది. చెట్లకి క్షమాపణలు.

మూడో డౌట్ ఎవరూ ముట్టుకోలేదు. 90 శాతం ఒక్క అడవిలోనే దొరుకుతుంటే మిగతావి ఎందుకు?

పాత_పుప్పొడి:

మూడోదానికి వస్తా, కాకపోతే చుట్టూ తిరిగి వస్తా, ఓపిక పట్టమ్మా.

అసలు "సహజ పాపులేషన్" అన్న మాట దగ్గరే నాకు పేచీ. అక్రోటు సహజ అడవులు అనగానే అందరూ కిర్గిజ్‌స్తాన్ చూపిస్తారు, ఫెర్గానా కొండల వాలులో అర్స్‌లాన్‌బాబ్ చుట్టూ ఉన్నవి, పక్కన అడవి ఆపిల్, ప్లమ్ జాతులు కలిసి పెరిగే పెద్ద అడవులు. చూస్తే ఆదికాలం నుంచి అలాగే ఉన్నాయనిపిస్తుంది. కానీ అక్కడి సరస్సుల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మట్టిలో పుప్పొడి లెక్కపెట్టిన వాళ్లు 2008లో వేరే మాట అన్నారు, అక్రోటు ఇంత దట్టంగా పరుచుకున్నది మనం అనుకున్నంత పాత ముచ్చట కాదని, మనుషుల చెయ్యి ఉండి ఉండొచ్చని.

2015లో ప్లాస్ వన్ పత్రికలో ఇంకో పేపర్ వచ్చింది, ఆసియా అంతటా 39 పాపులేషన్లు, 14 మైక్రోసాటిలైట్ మార్కర్లు. దాంట్లో తేలిందేంటంటే కొండలు, ఎడారులు చెట్ల మధ్య గోడల్లా నిలబడి గుంపులుగా విడదీసిన మాట నిజమే, కానీ పాత వర్తక దారుల వెంట ఆ గోడలకి కన్నాలు పడ్డాయి. సిల్క్ రోడ్డు మీద మూటల్లో వెళ్లిన గింజ ఎక్కడో మొలిచింది. చెట్ల జన్యు గుంపులకీ ఆయా చోట్ల భాషా కుటుంబాల హద్దులకీ కూడా పోలిక కనిపించిందని రాశారు. మన నోట్లో ఉన్న అక్రోటు అన్న మాట కూడా సంస్కృతం అక్షోటం నుంచి హిందీ అఖ్‌రోట్ మీదుగా వచ్చిందే కదా, గింజా మాటా ఒకే మూటలో తిరిగాయన్నమాట.

ఇప్పుడు నీ ప్రశ్న. ఆ 90 శాతం అనేది సగటు, అది కూడా న్యూట్రల్ మార్కర్ల మీద. న్యూట్రల్ అంటే చెట్టు బతుకుకీ చావుకీ సంబంధం లేని చోట్లు. గాలికి పుప్పొడి పోయే చెట్లలో ఆ చోట్లన్నీ బాగా కలిసిపోతాయి, అందుకే అడవికీ అడవికీ తేడా తక్కువ కనపడుతుంది. కానీ అక్రోటుకి ప్రాణాంతకమైనది వసంతంలో ఆలస్యంగా పడే మంచు. చిగురు తొందరపడి వేసిన చెట్టుకి ఒక్క రాత్రి మంచు పడితే చిగురూ పూతా రెండూ నల్లగా మాడిపోతాయి, ఆ ఏడు కాపు లేనట్టే. ఎత్తు మీద ఉన్న అడవిలో ఆలస్యంగా చిగురేసే చెట్లు నిలబడతాయి, కింద ఉన్న దాంట్లో తొందరగా వేసేవి లాభపడతాయి. ఈ తేడా నడిపే జన్యువులు చాలా ఉండి, ఒక్కోటి కొంచెం కొంచెం పని చేస్తుంటే నీ పన్నెండు మార్కర్లలో దాని ఛాయ కూడా ఉండదు. మిగిలిన 10 శాతం చిన్నదని వదిలేస్తే వదిలేసేది అదే కావచ్చు. రకరకాల చోట్ల గింజలు తెచ్చి ఒకే తోటలో పక్కపక్కనే నాటి ఏది ఎప్పుడు చిగురేస్తుందో ఏళ్ల తరబడి చూస్తే గానీ తెలీదు ఇది.

ఎదురుగాలి:

ఒక మాట అంటా, అందరూ నా మీద పడొద్దు. జన్యు వైవిధ్యం, జన్యు వైవిధ్యం అని ఇంత హడావిడి చేస్తారు గానీ స్టోన్ పైన్ సంగతేంటి? మధ్యధరా సముద్రం చుట్టూ ఎక్కడ చూసినా అదే గొడుగు చెట్టు, అక్కడ తినే పైన్ గింజలు దానివే. 2008లో ఎవల్యూషన్ పత్రికలో వచ్చింది, క్లోరోప్లాస్ట్ మార్కర్లతో చూస్తే దాదాపు అన్ని చోట్లా ఒకటే రకం, వైవిధ్యం అనేదే లేదు. అయినా అంత ప్రాంతంలో బ్రహ్మాండంగా బతుకుతోంది కదా. మరి వైవిధ్యం లేకపోతే కొంప మునుగుతుందని పాఠం చెప్పడం ఎందుకు? మనిషి మంచి చెట్టు ఎక్కడ కనపడితే అక్కడ నాటుకుంటూ పోయాడు, చెట్టు బతికింది.

లెక్కల_చెట్టు:

పడను గానీ పక్కన నిలబడతా. స్టోన్ పైన్ బతికే ఉంది, నిజం. ఇప్పటిదాకా. చెస్ట్‌నట్ కథ కూడా 1904కి ముందు అడిగితే ఇలాగే చెప్పేవాళ్లు. అమెరికా తూర్పు అడవుల్లో ఆ చెట్టు రాజ్యమేలేది. ఆ ఏడాది న్యూయార్క్ బ్రాంక్స్ జూలో కొన్ని చెట్ల బెరడు మీద పుండ్లు చూశారు, ఆసియా నుంచి వచ్చిన ఫంగస్. ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయని అంచనా.

అయితే నీ వైపు కూడా ఒక పాయింట్ ఇస్తా, ఇది ఎవరూ చెప్పరు. ఆ చెస్ట్‌నట్‌లో వైవిధ్యం లేక చచ్చిపోలేదు. వైవిధ్యం బాగానే ఉండేది, ముఖ్యంగా దక్షిణం వైపు. ఆ ఫంగస్‌ని తట్టుకునే గుణం మాత్రం ఆ జాతిలో చెప్పుకోదగ్గంత లేదు, దాంతో కలిసి పెరిగిన చైనా చెస్ట్‌నట్‌లో ఉంది. కాబట్టి వైవిధ్యం ఉంటే చాలు గండం గడుస్తుంది అనేది కూడా గుడ్డి నమ్మకమే. లేకపోతే మాత్రం లాటరీ టికెట్ కూడా కొననట్టు లెక్క.

ఇంకో సంగతి. ఆ చెస్ట్‌నట్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఫంగస్ నేల పైన ఉన్న మానునే చంపుతుంది, వేరు బతికే ఉంటుంది. మోడు నుంచి పిలకలు వస్తాయి, బొటనవేలు లావు అయ్యి మనిషి రెండింతల ఎత్తు లేస్తాయో లేదో మళ్లీ పుండు పడి ఎండిపోతాయి, మళ్లీ పిలకలు. ఆ పిలకల డీఎన్‌ఏ తీస్తే వైవిధ్యం భేషుగ్గా ఉంటుంది, నంబర్లు చూసి సంబరపడొచ్చు. కానీ దాదాపు ఏదీ పూత దాకా రాదు, కాయ లేదు, మొలక లేదు. చెల్లీ, నీ స్లైడ్‌కి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

బ్రెజిల్ నట్‌లో కూడా ఇలాంటిదే. 2003లో సైన్స్‌లో వచ్చింది, బ్రెజిల్, పెరూ, బొలీవియాల్లో 23 పాపులేషన్లు చూశారు. దశాబ్దాలుగా కాయలు గట్టిగా ఏరుకెళ్లే చోట్ల పెద్ద పెద్ద మానులే ఉన్నాయి, చిన్న చెట్లు కరువు. ఒక్క చెట్టు కూడా నరకలేదు, కాయలు ఏరారంతే. ఆ పెద్ద మానుల నుంచి ఆకులు తెస్తే వైవిధ్యం ఎక్కడికీ పోలేదనే వస్తుంది.

ఎదురుగాలి:

ఒప్పుకున్నా, చెస్ట్‌నట్ పిలకల మాట నాకు తెలీదు. పైన్ మీద మాత్రం నా మాట నాదే.

ఆకు_రసం:

కాయలు ఏరడం అంటే గుర్తొచ్చింది, కిర్గిజ్ అడవుల్లోనూ ఇదే తంతు. కాయలు ఏరతారు, చెట్ల కింద గడ్డి కోస్తారు, పశువుల్ని మేపుతారు, మొలిచిన మొక్క రెండో ఏడు చూడదు. అలాగని అక్కడి వాళ్లని తప్పుపట్టలేం, బతుకుదెరువు అదే. మానుకి కట్టే బుడిపెలు కూడా కోసి ఎగుమతి చేశారు ఒకప్పుడు, లోపలి చెక్క మెలికలు మెలికలుగా ఉంటుందని ఫర్నిచర్ వాళ్లకి అవంటే మోజు.

మొలకెత్తని_గింజ:

ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. నరికిన అడవిలో మళ్లీ నాటాలంటే గింజలు ఎన్ని కావాలి? మా క్లాసులో ఒకడు "బాగా కాసే చెట్టు ఒకటి చూసుకుని దాని కింద వెయ్యి కాయలు ఏరితే పోలా" అన్నాడు, వాడితో వాదించలేకపోయా.

లెక్కల_చెట్టు:

వాడికి చెప్పు, వెయ్యి కాదు లక్ష ఏరినా వాటన్నిటికీ తల్లి ఒకటే. తల్లి వైపు నుంచి ఒక్కో జన్యువుకి రెండే కాపీలు, లక్ష కాయల్లోనూ ఆ రెండిట్లో ఏదో ఒకటే. తండ్రులు ఎంతమంది ఉన్నా, అందరూ వేర్వేరు అనుకున్నా, ఒక తల్లి గింజలన్నీ కలిపి సుమారు నాలుగు సంబంధం లేని చెట్ల పెట్టు. నాలుగు దాటదు. పైగా అక్రోటులో పుప్పొడి చాలామటుకు దగ్గర్లోనే పడుతుంది, ఆ ఏడు ఏ మగపూత దగ్గర్లో ఉంటే అదే తండ్రి.

ఎన్ని తల్లులు కావాలి అంటే దానికీ లెక్కుంది. వందకి ఐదు కాపీలున్న అల్లీల్‌ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 59 కాపీలు చూడాలి, 0.95ని 59 సార్లు గుణిస్తే 0.05 కంటే తక్కువ అవుతుంది, కొట్టి చూసుకో. చెట్టుకి రెండు కాపీలు, అంటే ఒకదానికొకటి చుట్టరికం లేని చెట్లు 30. మీ ఫైల్‌లో ముప్పై చెట్లే ఎందుకు ఉన్నాయో ఇప్పుడు అర్థమైందా? చుట్టరికం లేకుండా అంటే పక్కపక్క చెట్లు వద్దు, అవి అక్కాచెల్లెళ్లు అయ్యుంటాయి, గింజ బరువుకి తల్లి కిందే పడి మొలుస్తుంది, లేదా ఏ ఉడతో కాకో కాస్త దూరం మోసుకెళ్లి పాతిపెట్టి మర్చిపోతుంది. ఒకటి తీసుకున్నాక యాభై, వంద మీటర్లు నడిచి ఇంకోటి. ఒక్కో తల్లి నుంచి సమానంగా తీసుకోవాలి, బాగా కాసిన చెట్టు కింద బస్తా నింపేసి మిగతావాటి నుంచి గుప్పెడు వేస్తే ముప్పై తల్లులు కాగితం మీదే ఉంటాయి.

పాత_పుప్పొడి:

గింజలు ఎక్కడి నుంచి తెస్తారన్నది కూడా చూసుకోవాలి. వైవిధ్యం ఎక్కువుందని ఎక్కడో వెచ్చటి లోయ నుంచి తెచ్చి మంచు పడే వాలు మీద నాటితే నాలుగేళ్లు ఏపుగా పెరిగి ఐదో ఏడు చిగుర్లన్నీ మాడి కూర్చుంటాయి. దగ్గర్లో, అదే ఎత్తులో ఉన్న అడవులు రెండు మూడు చూసి కలుపుకోవడం మేలని నా అభిప్రాయం. దీని మీద కొట్టుకునే వాళ్లు చాలామంది ఉన్నారు, వాతావరణం మారిపోతోంది కాబట్టి వెచ్చటి చోటివే తేవాలని వాదించేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల మాటనీ కొట్టిపారేయలేను.

మొలకెత్తని_గింజ:

అందరికీ దండాలు. స్లైడ్ తీసేశా. ఇంకో విషయం, చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మొలకలు చూడాలి అన్నారు కదా, నా ఫైల్‌లో మొలకలు ఎక్కడివి అనుకుంటూ మళ్లీ తెరిచా. కింద రెండో ట్యాబ్ ఉంది. దాని పేరే "మొలకలు". మూడు వారాలుగా ఆ ఫైల్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది, ఒక్కసారి కూడా దాని మీద నొక్కలేదు.

ఇప్పుడే అల్లీల్స్ లెక్కపెట్టా. నరకని అడవిలో పెద్ద చెట్లకీ మొలకలకీ పెద్ద తేడా లేదు. నరికిన అడవి మొలకల్లో మాత్రం చాలా మార్కర్లలో అరుదైనవి మాయం, హెటెరోజైగోసిటీ మాత్రం అలాగే ఉంది, అచ్చం మీరు చెప్పినట్టే. గైడ్ గారికి మెసేజ్ పెడితే "ఇప్పుడు కళ్లు తెరిచావా" అని ఒక్క ముక్క వచ్చింది.

లెక్కల_చెట్టు:

శభాష్. ఆ మొలకలు ఎన్ని తల్లులవో కూడా చూడు. ఒకే చెట్టు కింద నుంచి ముప్పై పీక్కొచ్చి ఉంటే ఆ తేడా నరుకుడు వల్ల వచ్చిందో, ఏరినవాడి బద్ధకం వల్ల వచ్చిందో చెప్పలేం.

మొలకెత్తని_గింజ:

అయ్యో. మూడో కాలమ్‌లో జీపీఎస్ పాయింట్లు ఉన్నాయి, చూసి చెప్తా ఉండండి.